నల్లదారం పుంజులు

"ఆరోది కూడా కూసేసింది," అన్నాడు కొడుకు, నోట్లో బ్రష్షుతో పెరటి గుమ్మంలో నిలబడి.

వంటగదిలో కోడలు గిన్నె మీద మూత అవసరానికి మించి గట్టిగా పెట్టింది. ముందుగదిలో అతని తల్లి టైలరమ్మ మిషను ఒక్క క్షణం ఆగి మళ్ళీ తిరిగింది.

నిన్నటిదాకా ఒక ఆశ మిగిలి ఉండేది. ఐదు కూసినా ఆరోది ఇంకా కూయలేదు కదా, అదొక్కటైనా పెట్ట కాకపోతుందా అని కొడుకూ కోడలూ ఎవరికి వారు మనసులో అనుకుంటూ వచ్చారు. ఆ ముచ్చటా తీరింది. గుడ్లు పెడతాయని గుప్పెళ్ళకొద్దీ గింజలు పోసి పెంచిన ఆరూ పుంజులే.

పడుచు పుంజుల కూత వినసొంపుగా ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. గొంతు మారుతున్న కుర్రాడికి మైకు దొరికినట్టు ఉంటుంది. అలాంటివి ఆరు, నాలుగు మంచాలు పట్టని పెరట్లో. ఒకటి ఆపితే తమ పరువు పోతుందన్నట్టు రెండోది అందుకుంటుంది.

"పిన్నిగారూ!"

గోడ మీద పక్కింటి అంబులెన్సు డ్రైవరు తల కనబడింది. రాత్రంతా బండి నడిపి వచ్చిన మనిషి. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

టైలరమ్మ మిషను ఆపి పెరట్లోకి వచ్చింది.

"నేను మంచివాణ్ణే కదా పిన్నిగారూ?"

"నీకేం నాయనా, బంగారానివి."

"ఆ బంగారానికి నిద్ర లేదు. నేను పడుకునే వేళకే వీటికి హుషారు. ఆదివారం ఇంటి ఓనరు వస్తున్నాడు. అప్పటికీ ఇవి ఇలాగే ఉంటే నేను చెప్పక తప్పదు. చెప్తే ఆయన పుంజులతో ఆగడు. మొత్తం కోళ్ళనే తీసెయ్యమంటాడు. ఆ పాపం నాచేత చేయించకండి."

"చేయించను. ఆదివారంలోగా చూస్తాం," అంది టైలరమ్మ. ఆవిడ మాటిస్తే మాటే. అందుకే డ్రైవరు గోడ అవతలికి తల దించేసుకున్నాడు.

నిజానికి ప్రయత్నాలు తక్కువేమీ జరగలేదు. కొడుకు ఎలక్ట్రీషియను. చేతిలో విద్య ఉన్నవాడు ఊరుకుంటాడా? మెడ చాపితేనే పుంజుకి కూత వస్తుందని ఎక్కడో విని, చెక్కలతో ఎత్తు తక్కువ పెట్టె ఒకటి చేశాడు. రాత్రిళ్ళు ఆరింటినీ అందులో సర్దేవాడు. లోపల ఉన్నంతసేపు కిక్కురుమనేవి కావు. పొద్దున తలుపు తీయగానే లోపల దాచుకున్నదంతా వడ్డీతో సహా కూసేవి.

పాత పెట్టలు రెంటి అవస్థ మరీ అన్యాయం. రెండు పెట్టల మీద ఆరు పుంజులు పడితే ఏమవుతుంది? వీపు మీద ఈకలన్నీ రాలిపోయి, చర్మం గీరుకుపోయి, గూటి మూల వదిలి బయటికే రావడం మానేశాయి. టైలరమ్మే చూడలేక, మందపాటి గుడ్డతో వాటికి జాకెట్లు కుట్టింది. వీపంతా కప్పేలా ఒక ముక్క, రెక్కల కిందనుంచి ఎలాస్టిక్కు. కోడికి కొలత తీసిన మొదటి టైలర్ని నేనే అయ్యుంటానని ఆవిడ ఒక్కతే నవ్వుకుంది. నవ్వుకు తోడు రావడానికి కోడలు సిద్ధంగా లేదు.

మొన్న సాయంత్రం ఆడపడుచు ఫోనులో అన్న మాట దగ్గరే కోడలు ఇంకా ఆగిపోయి ఉంది. "అమ్మా, నువ్విచ్చిన పుంజులు గుడ్లు పెడుతున్నాయే!" అని అటునుంచి పకపకా నవ్వు. స్పీకరు పెట్టి ఉండడం వల్ల ఇంట్లో అందరూ విన్నారు.

ఆ నవ్వు ఇంకా కోడలి చెవుల్లోనే ఉంది.

ఆ పొద్దున కోడలు పెద్దపెట్టని ఒళ్ళో పెట్టుకుని జాకెట్టు తొడుగుతూ, తల ఎత్తకుండానే అంది.

"అత్తయ్యా, ఒకటడుగుతాను. చెప్పండి."

"అడుగు."

"ఇవి పిల్లలుగా ఉన్నప్పుడు ఏరింది మీరే కదా?"

"నేనే."

"నీలం దారం కట్టినవి పుంజులు, నల్లదారం కట్టినవి పెట్టలు అని నాకు చెప్పారా, లేదా?"

"చెప్పాను."

"పుంజులు వదినకి ఇచ్చేద్దాం, పెట్టలు మనం ఉంచుకుందాం అన్నారు. నీలం దారం ఉన్నవాటిని నేనే, ఈ చేతుల్తోనే పట్టి వదిన గంపలో పెట్టాను. తర్వాత కాళ్ళ దారాలన్నీ కత్తిరించేశాం. అవునా?"

"అవును."

"ఇప్పుడు వదిన ఇంట్లో గుడ్లు, మన ఇంట్లో కూతలు."

టైలరమ్మ నేల మీద రాలిన ఈకలు ఏరసాగింది.

"నేను పనిచేసే రంగుల కొట్లో నాకు డబ్బా మూత తీసి చూపిస్తే చాలు," అంది కోడలు. ఆ మాటలో గొప్ప ఉంది, ఉండాల్సిందే. గోడ మీంచి పెచ్చు ఊడదీసి తెచ్చినా ఆ రంగు అచ్చంగా కలిపి ఇవ్వగలదని ఆ కొట్టు యజమానే నలుగురిలో చెప్పుకుంటాడు. "నీలాన్ని చూసి నలుపనుకునే కన్ను కాదు నాది. ఇక మీరంటారా, పిల్లని గాల్లోకి ఎత్తి ఒక్క చూపు చూస్తే పుంజో పెట్టో చెప్పేస్తారు. వీధిలో వాళ్ళంతా మీ దగ్గరికే తెస్తారు. నా కన్ను తప్పక, మీ కన్నూ తప్పక, ఇవెలా తారుమారయ్యాయి?"

"ఏమో."

"ఏమో కాదు. నెల కిందట వీటి తల మీద తురాయిలు పుంజులకిలా ఎర్రబడుతున్నాయేమిటని అడిగాను. మంచి జాతి పెట్టలకి అలాగే ఉంటాయన్నారు. అప్పుడూ మీకు తెలుసు."

"ఒసేయ్, ఏమిటా మాటలు?" అన్నాడు కొడుకు.

"నువ్వాగు. అత్తయ్యా, కూతురికి ఇవ్వాలనుంటే ఇస్తానని చెప్పొచ్చు కదా. నేను కాదనేదాన్నా? నాకు అబద్ధం చెప్పి, నా చేతుల్తోనే పెట్టించడమెందుకు?"

పెద్దపెట్ట ఆ ఒళ్ళోనే బిక్కచచ్చి కూర్చుంది. టైలరమ్మ చీర కొంగు దులుపుకుని, "నీకెలా అనిపిస్తే అలాగే అనుకో," అని లోపలికి వెళ్ళిపోయింది.

దారాలు కట్టిన రోజున ఆవిడ అబద్ధం ఆడలేదు. ఆ సంగతి ఆవిడకొక్కదానికే తెలుసు. చెప్పలేదంతే.

జరిగింది ఇదీ. కోడిపిల్లల్ని ఏరడంలో ఆవిడ ఎక్కడా తప్పు చేయలేదు. పుంజుల్ని పుంజులుగానే విడదీసింది. కట్టేటప్పుడు మాత్రం నల్లదారం రీలు తీసి నీలమనుకుని పుంజుల కాళ్ళకి కట్టింది. నీలాన్ని నలుపనుకుని పెట్టలకి కట్టింది. తురాయిలు ఎర్రబడ్డ రోజున అనుమానం వచ్చి రెండు రీళ్ళూ ఎండలోకి తీసుకెళ్ళి చూసుకుంది. రెండూ ఒకేలా ఉన్నాయి. ఎంత తిప్పి చూసినా ఒకేలా ఉన్నాయి.

ఆవిడ బతుకంతా ఆ కళ్ళ మీదే నడిచింది. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి భుజం కొలత చెప్పేది. టేపు పెట్టి చూస్తే అంతే ఉండేది. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ మిషను మీదే పెంచింది. టైలరమ్మకి రంగులు కనబడడం లేదట అన్న మాట ఒక్కసారి వీధి దాటిందంటే రేపట్నుంచి ఎవరు బట్ట తెస్తారు? కూతురికి దోచిపెట్టే అత్త అంటే నాలుగు రోజులు అనుకుని మర్చిపోతారు. అలాంటి అత్తలు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

అందుకని దొంగ అనిపించుకోవడానికే సిద్ధపడింది. పొగరంటారా, పొగరే. ఆ పొగరే లేకపోతే ఆ ఇల్లు ఎప్పుడో కూలిపోయేది.

*

మర్నాడు కూతురు వచ్చింది, ఒక చేతిలో హ్యాండుబ్యాగు, ఇంకో చేతిలో గుడ్ల బుట్ట.

రావడమే నవ్వుకుంటూ వచ్చింది. "ఏరా తమ్ముడూ, మీ పెట్టలు బాగా కూస్తున్నాయటగా?" అంటూ బుట్ట బల్ల మీద పెట్టింది. "చూడు మరదలా, ఎంతెంత ఉన్నాయో. మొదటి కాపు. అందుకే ముందు ఇక్కడికే తెచ్చాను."

"కూర్చోండి వదినా," అంది కోడలు. బుట్ట వైపు చూడలేదు.

"మా వీధిలో అందరూ అడుగుతున్నారు, ఎవరు ఏరిపెట్టారని. మా అమ్మ అని చెప్పాను. మా అమ్మ నాకెప్పుడూ మంచివే ఏరి పెడుతుంది. చిన్నప్పుడు మామిడిపళ్ళ దగ్గర్నుంచీ అంతే. వీడికి దెబ్బ తగిలినవి, నాకు బంగారాల్లాంటివి."

కూతురు మురిపెంగా అంది. మనసులో ఏమీ లేదు. అక్కడే వచ్చింది చిక్కు. మనసులో ఏదైనా పెట్టుకుని అనుంటే కోడలు నాలుగు మాటలు తిరిగి అని తేలికపడేది.

టైలరమ్మ చేతిలో బొత్తాం కుడుతోంది. సూది ఆగింది.

"అలాగా అత్తయ్యా?" అంది కోడలు.

"చిన్నప్పటి మాటలెందుకిప్పుడు," అంది టైలరమ్మ.

"మామిడిపళ్ళ సంగతి కాదు. కోళ్ళ సంగతే అడుగుతున్నాను. వదినగారి ఎదురుగానే చెప్పండి. ఏరింది మీరే కదా."

"నేనే ఏరాను."

"తప్పు ఏరలేదు కదా?"

"ఏరడంలో నేను తప్పు చేయను."

ఆ మాట నిజం. దానికన్నా నిజం ఇంకోటి లేదు. కానీ ఆ గదిలో ఆ నిజం అబద్ధం కన్నా అన్యాయంగా వినబడింది. కూతురి మొహంలో నవ్వు తగ్గింది. ఒకసారి తల్లిని, ఒకసారి మరదల్ని చూసింది.

"అమ్మా, ఏమిటిది? నేను తిరిగి ఇచ్చేస్తాను. రేపే గంపలో పెట్టి పంపించేస్తాను. ఈమాత్రం దానికి..."

"వద్దు వదినా. ఇచ్చినవి ఇచ్చినట్టే. నాకు పోయింది కోళ్ళు కాదు," అంది కోడలు. గొంతు పెంచలేదు. ఆ ఇంట్లో ఆమె గొంతు పెంచిన రోజులున్నాయి. ఈరోజు పెంచకపోవడం చూసి కొడుకుకి భయం వేసింది.

"ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ కూర ఏది వండాలన్నా, చీర ఏది కట్టాలన్నా అత్తయ్య కన్ను మీద నమ్మకం నాకు. నా కన్నా ఎక్కువ. మా కొట్లో కూడా చెప్పుకునేదాన్ని, మా అత్తగారు చూశారంటే ఇక తిరుగులేదని. ఇక చెప్పుకోలేను. రేపట్నుంచి నా పొయ్యి వేరు."

"వేరేమిటి?" అన్నాడు కొడుకు.

"వేరంటే వేరే. వసారాలో పెట్టుకుంటాను. నువ్వు ఏ పొయ్యి దగ్గర తింటావో నీ ఇష్టం."

అందరూ టైలరమ్మ వైపు చూశారు. ఒక్క మాట చాలు. నాకు రంగులు తెలియడం లేదర్రా అంటే చాలు. ఆ మాట ఆవిడ నాలుక మీదికి వచ్చింది కూడా. కూతురు ఎదురుగా ఉంది. తన వీధిలో అమ్మ కన్ను గురించి గొప్పలు పోయి వచ్చిన కూతురు. ఆవిడ బొత్తాం కుట్టు పూర్తి చేసి, దారం పళ్ళతో తెంపి, చొక్కా మడతపెట్టింది.

"గుడ్లు లోపల పెట్టండి. ఎండ తగులుతోంది," అంది.

*

ఆదివారం పొద్దున వసారాలో కొత్త పొయ్యి వెలిగింది. లోపల పాత పొయ్యీ వెలిగింది. రెండు చోట్లా అన్నమే ఉడికింది. కొడుకు రెండిటికీ మధ్య గుమ్మంలో కూర్చుని ఎక్కడా తినకుండా లేచాడు.

ఆరు పుంజుల్నీ రెండు గంపల్లో పెట్టి పైన గోనె కట్టాడు. మాంసం కొట్టు తీసే వేళకి పట్టుకెళ్తానని డ్రైవరుకి గోడ మీంచి చెప్పాడు. ఓనరు మధ్యాహ్నం వస్తాడని కబురు.

టైలరమ్మ ఇది విన్నది. మనసు చివుక్కుమంది. ఆవిడ చేత్తో పెరిగినవి ఏనాడూ తూకానికి పోలేదు. తింటే ఇంట్లో తిన్నారు, ఇస్తే తెలిసినవాళ్ళకి ఇచ్చారు. కానీ మాట్లాడే హక్కు ఆవిడే వదులుకుంది.

అప్పుడే బ్యాండు మాస్టారు వచ్చాడు, వెనకాల రిక్షా మీద రెండు బట్ట తానులతో.

"అమ్మా, నా మానం కాపాడాలి మీరు," అంటూ తానులు బల్ల మీద దించాడు. "వచ్చే నెల పోటీలున్నాయి. మా బృందమంతటికీ కొత్త బట్టలు. కోట్లకి నీలం, ప్యాంట్లకి నలుపు. ఎక్కడైనా కుట్టేవాళ్ళు దొరుకుతారు, కాదనను. కానీ కన్నంటే మీదే. పోయినసారి మీరు కుట్టిన కోటు వేసుకుంటే నాకే నేను కొత్తగా కనబడ్డాను."

ఆవిడ రెండు తానుల మీదా చెరో చెయ్యి వేసింది. ఒకే మిల్లు, ఒకే నేత. చేతికి తేడా లేదు. కంటికి అసలే లేదు.

తప్పించుకునే దారులు ఆవిడకి తెలియనివి కావు. ఏది ముందు కోయమంటారు మాస్టారూ అని అడిగితే ఆయనే చెయ్యి పెట్టి చూపిస్తాడు. తర్వాత దాని అంచుకి ఒక కుట్టు వేసి గుర్తు పెట్టుకోవచ్చు. కొన్నాళ్ళుగా పని అలాగే నెట్టుకొస్తోంది.

పెరట్లోంచి మాటలు వినబడ్డాయి.

"ఒక్కదాన్నైనా ఉంచుదామే," అంటున్నాడు కొడుకు. "ఒక్కటుంటే పెట్టలకి తోడు. రేపు పిల్లల్ని పొదిగించాలన్నా పుంజు కావాలి. ఏది మంచిదో అమ్మని ఏరమందాం."

"వద్దు. ఆవిడ ఏరేదైతే నాకు ఒక్కటీ వద్దు. ఆరూ పట్టుకుపో."

టైలరమ్మ చేతులు తానుల మీదే ఉండిపోయాయి.

దొంగ అనిపించుకుని కంటి పేరు కాపాడుకుందామనుకుంది. మంచి బేరమనే అనుకుంది. ఇప్పుడు చూస్తే ఆ కన్ను మాటకి సొంత పెరట్లోనే చెల్లుబాటు లేదు. ఒక పుంజుని ఏరడానికి కూడా పనికిరాకుండా పోయింది. ఇక బయట ఎంత పేరుంటే ఏం చేసుకుంటుంది?

"అమ్మాయ్," అని పిలిచింది.

పొయ్యిలు వేరయ్యాక అదే మొదటి పిలుపు. కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

"ఈ రెండిట్లో నీలం ఏది?"

"అదేమిటి?"

"ఏది నీలమో చెప్పు. నాకు తెలియడం లేదు."

బ్యాండు మాస్టారు నవ్వాడు. "భలేవారే. కోడల్ని పరీక్ష చేస్తున్నారా?"

"పరీక్ష కాదు మాస్టారూ. నా కంట్లో పొర వచ్చినట్టుంది. మనిషి కనిపిస్తాడు, కొలత కనిపిస్తుంది, కుట్టు కనిపిస్తుంది. నీలం, నలుపు మాత్రం ఒకటైపోయాయి." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "ఏరడంలో నేను తప్పు చేయలేదన్నాను. చేయలేదు. పుంజుల్ని పుంజులుగానే ఏరాను. నల్లదారాన్ని నీలమనుకుని వాటికి కట్టాను. నువ్వు నా మాట నమ్మి నీలం చూసి గంపలో పెట్టావు. నీ చెయ్యీ తప్పలేదు. నా కంట్లో రంగొక్కటే తప్పింది."

తల వంచుకుని చెప్పలేదు. కళ్ళ నీళ్ళు పెట్టుకోలేదు. కొత్త జాకెట్టు కొలత చెప్పినట్టు, ఎంత ఉందో అంత చెప్పింది. పెరటి గుమ్మంలో కొడుకు గంప పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఆయన చెయ్యి మెల్లగా తాను మీదికి వచ్చింది.

"తీసుకెళ్తే తీసుకెళ్ళండి. తప్పు పట్టను," అంది టైలరమ్మ. "ఉంచితే మాత్రం పోయినసారి కన్నా బాగా కుడతాను. బతిమాలడం నాకు చేతకాదు."

ఇంకో చెయ్యి వచ్చి ఆ తాను మీద పడింది. కోడలిది.

"ఇదీ నీలం," అంది. తాను అంచు ఎత్తి వెలుతురుకి పట్టింది. "ఇందులో ఊదా పాలు ఎక్కువ కలిసింది. మామూలు నీలం దారం వేస్తే కుట్టు పైకి తేలుతుంది. ఇంకాస్త ముదురుది వేయాలి. రంగు నేను చూసుకుంటాను మాస్టారూ. కోసేదీ కుట్టేదీ ఆవిడే. ఇంతటి కోత మీకు ఇంకెక్కడా దొరకదు."

మాస్టారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అత్తాకోడళ్ళిద్దరూ ఒక మాట మీదే ఉన్నారా?"

"లేం," అంది కోడలు. "మా మధ్య మాటలే లేవు. కోట్ల సంగతి వేరు."

మాస్టారు తాను మీంచి చెయ్యి తీసేశాడు.

*

"గంపలు విప్పు," అంది కోడలు పెరట్లోకి వచ్చి.

కొడుకు ఆనందంగా గోనె లాగేశాడు. ఆరూ ఒక్కసారి బయటపడి రెక్కలు దులుపుకున్నాయి. టైలరమ్మ పీట వేసుకుని కూర్చుంది. కోడలు పక్కన నిలబడింది, కాస్త ఎడంగా.

"ఒకటి ఉంటుంది. ఏదో మీరే చెప్పండి," అంది.

"నేను ఏరేదైతే వద్దన్నావుగా?"

"అన్నాను. ఇప్పుడు ఏరమంటున్నాను."

టైలరమ్మ ఒక్కొక్కదాన్నీ దగ్గరికి తీసుకుంది. రొమ్ము ఎముక మీద వేలు నడిపింది, కాలి గోళ్ళు తిప్పి చూసింది, రెక్క విప్పి వదిలింది. "దీని తురాయి ఎలా ఉంది?" అని అడిగితే "కొంచెం పాలిపోయింది" అనో, "మంచి ఎరుపు" అనో కోడలు చెప్పింది. అన్నిటికన్నా పెద్దది ఛాతీ విరుచుకుని మధ్యలో తిరుగుతోంది. కొడుకు దాన్నే చూపించాడు.

"బలానికేం, గుర్రానికీ ఉంటుంది," అని ఆవిడ గుప్పెడు గింజలు విసిరింది.

ఐదు ఎగబడి మింగాయి. ఒకటి మాత్రం ఒక గింజ ముక్కుతో తీసి, కింద వేసి, మూల దాక్కున్న పెట్టల వైపు తిరిగి కొక్ కొక్ అంది. పెట్టలు రెండూ జాకెట్లు వేసుకుని మెల్లగా వచ్చి తిన్నాయి. అది పక్కకి తప్పుకుంది.

"ఇది ఉంటుంది," అంది టైలరమ్మ. "తన పొట్ట తను చూసుకునేవాడితో గూడు నిలబడదు."

మిగతా ఐదింటి సంగతి ఆవిడే తేల్చేసింది. కూతురింట్లో పెట్టలున్నాయి, పుంజు లేదు. ఒకటి అక్కడికి. మూడు బ్యాండు మాస్టారు బృందం విందుకి. ఒకటి గోడ అవతలికి కూరకి, చెడిన నిద్రకి బదులుగా.

"ఒక్కదాని కూతైతే నేను సర్దుకుంటాను పిన్నిగారూ. నేను నిద్ర లేచేదాకా దాన్ని ఆ పెట్టెలోనే ఉంచండి," అన్నాడు డ్రైవరు, పుంజుని చంకలో పెట్టుకుని. "ఓనరుకి నేనేం చెప్పను."

కొడుకు గంప సైకిలుకి కట్టుకుని వెళ్ళాడు. పెరట్లో ఇద్దరే మిగిలారు. చాలా రోజుల తర్వాత పెరడు నిశ్శబ్దంగా ఉంది.

"అత్తయ్యా," అంది కోడలు. "దొంగ అని నేనంటే పడ్డారు. వదిన ముందు కూడా పడ్డారు. నాకొక్కదానికి చెవిలో చెప్పలేకపోయారా? నన్ను ఎంత చిన్నదాన్ని చేశారో తెలుసా?"

టైలరమ్మ చేతికంటిన ఈక ఒకటి దులుపుకుంది.

"నువ్వు తిడితే తట్టుకోగలను," అంది చివరికి. "అయ్యో పాపం అంటే తట్టుకోలేను."

"ఆ భయమేం పెట్టుకోకండి. నాకు జాలి రావడం లేదు. కోపమే ఇంకా పోలేదు."

టైలరమ్మ కోడలి మొహం వైపు చూసింది. నిజంగానే అక్కడ జాలి లేదు. ఆవిడకి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. నా ఇంటికి సరైనదాన్నే ఏరి తెచ్చుకున్నాను అనుకుంది. గర్వంగా అనుకుంది.

"రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం," అంది కోడలు.

"కోట్లు అయ్యాక చూద్దాం."

"రేపే. లేకపోతే ఏది నీలమో చెప్పను."

ఆ ఇంట్లో ఆవిడని అలా బెదిరించినవాళ్ళు ఇంతవరకూ లేరు. టైలరమ్మ పీట మీంచి లేచింది. మెల్లగా అడిగింది. ఆ గొంతు కోడలు ఎప్పుడూ విననిది.

"ఇక మిషను ఎక్కొద్దంటే?"

కోడలు ఖాళీ గోనె దులిపి మడతపెట్టింది.

"అంటే అప్పుడు పోట్లాడదాం. డాక్టరుతోనా, మీతోనా అన్నది అక్కడ చూస్తాను," అని వసారా వైపు నడిచింది. పొయ్యి ముందు కూర్చుని, వెనక్కి తిరగకుండానే అడిగింది. "మీకూ కలిపి వండనా, మీరే వండుకుంటారా?"

టైలరమ్మ బతుకులో ఎవర్నీ వండిపెట్టమని అడిగి ఎరగదు. ఇప్పుడూ అడగలేదు.

"ఉప్పు కాస్త తగ్గించి వెయ్యి," అంది.

"నా పొయ్యి మీద ఉప్పు నా ఇష్టం," అంది కోడలు.